తోడు కూర్చుంటే రంది తగ్గుతదా? తెలుసుకునేదెట్లా?



ఈ నెల గోడపత్రికలో నాకు ఇచ్చిన అంశం "విద్యార్థుల మానసిక ఆరోగ్యం". పేరు పెద్దగా ఉన్నది కాని విషయం మనకు తెలిసిందే. దసరా సెలవుల తర్వాత మన హాస్టల్‌లో ఒక కొత్త ఏర్పాటు చేద్దామని మొన్నటి మీటింగులో అనుకున్నాం కదా. ఒక్కొక్క డార్మెటరీకి తొమ్మిదో తరగతి అక్కలు ఇద్దరు "తోడు"గా ఉంటారు. రంది పడే చెల్లెళ్ల దగ్గర కూర్చుంటారు, వాళ్ల మాట వింటారు. అవసరమైతే పెద్దవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు.

మీటింగులో కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు "వట్టి మాటలతోని ఏమైతది?" అన్నారు. ఒక మేడం గారు "పిల్లల చేతికి ఇంత బరువు పని ఇవ్వవచ్చునా?" అని అడిగారు. మూడు మాటలూ ఆలోచించవలసినవే. అయితే వీటిలో ఏది నిజమో చప్పట్లతో తేలదు, కొట్లాటతో తేలదు. పరీక్షించి చూడాలె. ఎట్లా పరీక్షించాలో నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

రంది అంటే ఏమిటి?

పుస్తకాలలో "కుంగుబాటు", "ఆందోళన", "మానసిక ఒత్తిడి" అని రాస్తారు. మన ఇండ్లలో ఈ మాటలు ఎవరూ వాడరు. అంత మాత్రాన ఆ బాధ లేదని కాదు. మన దిక్కు దానికి ఎన్నో పేర్లున్నాయి. చింత అయితే రంది. భయం అయితే బుగులు. బాధను లోపలే పెట్టుకుని, తిండి తగ్గి, మనిషి చిక్కిపోతే మనాది. "మనాదితోని మంచం పట్టింది" అని ముసలవ్వలు అంటుంటారు. అంటే మనసులో బాధ ఒంటికి వస్తుందని మన పెద్దలకు ముందే ఎరుక.

జూన్‌లో కొత్తగా ఐదో తరగతిలో చేరిన చెల్లెళ్లను గుర్తు చేసుకోండి. మొదటి వారాల్లో కడుపునొప్పి, తలనొప్పి అని సిక్ రూమ్ ముందర వరుస కడతారు. ఏ.ఎన్.ఎం. అక్క చూస్తే జ్వరం ఉండదు. "నాటకాలు ఆడుతుండ్రు" అని మనమే నవ్వుతాం. అది నాటకం కాదు. భయం, దుఃఖం కలిగినప్పుడు గుండె గబగబ కొట్టుకుంటది, కడుపులో తిప్పుతది, నిద్ర పట్టదు. నొప్పి నిజమే, దాని వేరు మాత్రం కడుపులో లేదు.

మన హాస్టల్‌లో ఇంకొక కష్టం కూడా ఉన్నది. లంబాడీ, గోండి, కోయ, ఎరుకల భాషలు మాట్లాడే ఇండ్ల నుంచి మనం వచ్చాం. ఏడుపు ఇంటి భాషలో వస్తది. దాన్ని సార్లకు, మేడంలకు చెప్పాలంటే బడి భాషలో చెప్పాలి. పదేండ్ల పిల్లకు ఆ మాటలు దొరకవు. దొరకక "కడుపునొప్పి" అంటది.

ఇంటి మీద గాలి మళ్లటం అందరికీ ఉండేదే. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కాని రెండు వారాలు దాటినా ఏ ఆటా రుచించకపోవటం, నిద్ర చెడిపోవటం, తిండి మానటం, ఎవరితో కలవకపోవటం, "నేను ఎందుకూ పనికిరాను" అనుకోవటం ఉంటే అది వట్టి బెంగ కాకపోవచ్చు. కుంగుబాటును గుర్తించటానికి డాక్టర్లు పెట్టుకున్న గడువు కూడా కనీసం రెండు వారాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏండ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. ఆ లెక్కన 40 మంది పడుకునే డార్మెటరీలో ఐదారుగురు అన్నమాట. "మన దాంట్లో ఎవరూ లేరు" అనుకుంటే వాళ్లు మనకు చెప్పటం లేదని అర్థం.

వేములఘాట్ సంగతి

ఈ విషయం నాకు ఎందుకు ముఖ్యమో ఒక ముక్కలో చెబుతాను. మాది సిద్దిపేట జిల్లా, తొగుట మండలం, వేములఘాట్. ఆ ఊరు ఇప్పుడు లేదు. మల్లన్నసాగర్ జలాశయం కింద పోయింది. 50 టీఎంసీల నీళ్లు నిలిచే ఆ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. అంతకు ముందే, 2021లో, ఊరు ఖాళీ అయింది. ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, రాంపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్లు కూడా దాని కిందనే పోయాయి. మా వాళ్లకు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీలో ఇండ్లు వచ్చాయి.

ప్రాజెక్టు మంచి చెడ్డలు చెప్పటానికి ఈ వ్యాసం కాదు. నేను చెప్పదలచింది ఏందంటే, ఊరు పోయినప్పుడు పెద్దలకు భూమి, పరిహారం, ఇల్లు అన్న మాటలున్నాయి. వాటి గురించి మాట్లాడటానికి ఆఫీసులున్నాయి, కోర్టులున్నాయి. పిల్లలకు పోయింది బడి, బడి వెనుక ఆట జాగ, పక్కింటి దోస్తు. దానికి దరఖాస్తు ఫారం లేదు. "నీకు ఎట్ల ఉన్నది?" అని అడిగేవాళ్లు తక్కువ. పెద్దల దుఃఖం ముందు తమది చిన్నదని పిల్లలు నోరు మూసుకుంటారు. ఊరు మునగకపోయినా ఇటువంటి పిల్లలు మన హాస్టల్‌లో ఎంతోమంది ఉన్నారు. నాయన చనిపోయినవాళ్లు, అమ్మ బొంబాయికి కూలికి పోయినవాళ్లు, ఇంట్లో తాగుడు కొట్లాటలు చూసి వచ్చినవాళ్లు.

వేములఘాట్‌లో ఇంకొక సంగతి కూడా ఉన్నది. 2016 జూన్‌లో మొదలుపెట్టి మా ఊరివాళ్లు భూముల కోసం వందల దినాలు రిలే నిరాహార దీక్ష చేశారు. రిలే అంటే ఒక దినం కొందరు కూర్చుంటారు, మరునాడు వేరేవాళ్లు కూర్చుంటారు. ఒక్కరే కూర్చుంటే నాలుగు దినాలకు పడిపోతారు. వంతులు ఉన్నందుకే అన్ని దినాలు నడిచింది. "తోడు" పనికి ఈ పద్ధతి చాలా అవసరం. ఎందుకో ముందు ముందు చెబుతాను.

పెద్దలుండగా పిల్లలెందుకు?

ఇది మంచి ప్రశ్న. వార్డెన్ మేడం ఉన్నారు, హౌస్ టీచర్ ఉన్నారు, ఏ.ఎన్.ఎం. అక్క ఉన్నది. అయినా రాత్రి పదకొండు గంటలకు దుప్పటి కింద ఏడ్చేదాన్ని ముందుగా వినేది పక్క మంచం మీది పిల్లనే. ఆమెకు ఈమె భాష తెలుసు, తండా తెలుసు. పెద్దలకు చెబితే ఇంటికి ఫోన్ పోతదేమో, తిడతారేమో అన్న భయం తోటిపిల్ల దగ్గర ఉండదు.

ఈ ఆలోచన మనతోనే మొదలు కాలేదు. 2014 జనవరి 7న కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ఊరిలోని యువతీ యువకులనే "సాథియా" అనే పేరుతో తోటివాళ్లకు ఆరోగ్య విషయాలు చెప్పేవాళ్లుగా పెట్టారు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికి ఇద్దరు టీచర్లు ఆరోగ్య రాయబారులు, విద్యార్థులు ఆరోగ్య సందేశకులు. దానిలోని 11 అంశాలలో మానసిక ఆరోగ్యం ఒకటి.

వేరే దేశాల్లో కూడా డాక్టర్లు కానివాళ్లు ఈ పని చేస్తున్నారు. ఆఫ్రికాలో జింబాబ్వే దేశం ఉన్నది. అక్కడి హరారే పట్నంలో దవాఖానల ముందర బెంచీల మీద శిక్షణ పొందిన నానమ్మలు కూర్చుని బాధపడేవాళ్ల మాట వింటారు. అక్కడివాళ్లు ఆ బాధకు డాక్టరు పేరు పెట్టలేదు. "అతిగా ఆలోచించటం" అనే అర్థం వచ్చే తమ ఊరి మాటనే వాడారు. మన రంది వంటి మాటే. 24 క్లినిక్కులలో పరీక్షించి చూసి, ఆ బెంచీ వల్ల మేలు జరిగిందని 2016లో ప్రకటించారు.

తోడు చేసే పని ఏది? చేయరానిది ఏది?

చేసే పని మూడే మూడు. ఒకటి, దగ్గర కూర్చోవటం. రెండు, తొందరపడకుండా, సలహాలు గుమ్మరించకుండా వినటం. మూడు, తన వల్ల కానిదాన్ని పెద్దవాళ్లకు అప్పజెప్పటం.

చేయరానివి ఎక్కువ. మందు చెప్పరాదు. "నీకు ఫలానా రోగం ఉన్నది" అనరాదు. "గింత దానికే ఏడుస్తవా? నాకు ఇంకా ఎక్కువ కష్టాలున్నయి" అనరాదు. విన్న మాట మెస్‌లో చెప్పరాదు.

ఒక మాట మాత్రం ఎప్పుడూ ఇవ్వరాదు: "ఎవరికీ చెప్పను, ఒట్టు." ఎందుకంటే కొన్ని సంగతులు దాచరానివి. చచ్చిపోవాలని అనిపిస్తుందని గాని, తనను తాను గాయపరచుకుంటున్నానని గాని చెబితే దాచరాదు. ఎవరైనా కొడుతున్నారని, చెడ్డగా ముట్టుకుంటున్నారని చెబితే దాచరాదు, ఆ మనిషి ఎంత పెద్దవాళ్లైనా సరే. తిండి, మందులు పూర్తిగా మానేస్తే దాచరాదు. ఈ మూడింటినీ అదే రోజు, ఆమెను ఒంటరిగా వదలకుండా, నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి. మొదటి దినమే చెల్లెలితో "ఇవి తప్ప మిగతావి నా దగ్గరే ఉంటాయి" అని ముందుగా చెబితే అది నమ్మకద్రోహం కాదు.

ఇతరులు ఎట్లా పరీక్షించారు?

"మంచిపని కదా, పరీక్ష ఎందుకు?" అనవచ్చు. మందు గోలీ కూడా మంచి కోసమే తయారు చేస్తారు. అయినా పరీక్షించకుండా ఇవ్వరు.

మనం రైతుల పిల్లలం కనుక చేను ఉదాహరణ చెబుతాను. నాయన మక్కచేనుకు కొత్త మందు కొట్టాడు. పంట బాగా వచ్చింది. అది మందు వల్లనా, ఆ ఏడు వానలు మంచిగ పడినందుకా? తెలియదు. అదే చేనును రెండు చెక్కలు చేసి, ఒక చెక్కకు మందు కొట్టి, రెండోదానికి కొట్టకుండా ఉంచితే తెలుస్తుంది. వాన రెండింటి మీద ఒక్కతీరుగానే పడుతుంది. ఏ చెక్కకు కొట్టాలో కూడా చీటీ వేసి తేల్చాలి. లేకపోతే నాయన మంచి నల్లరేగడి చెక్కకే కొడతాడు, తర్వాత మందు గొప్పదంటాడు. పిల్లల విషయంలో కూడా ఇదే సూత్రం.

బీహార్‌లోని నలందా జిల్లాలో ఇట్లనే చేశారు. పేరు "సెహెర్". 2015-16లో 74 ఉన్నత పాఠశాలలను మూడు గుంపులుగా చీటీల పద్ధతిలో విభజించారు. ఒక గుంపులో శిక్షణ పొందిన సామాన్య యువకులు సలహాదారులుగా బడిలో పనిచేశారు. రెండో గుంపులో అదే పనిని అక్కడి టీచర్లకు అప్పజెప్పారు. మూడో గుంపులో మామూలుగా ఉండే జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రమే. ఆ పనులలో ఏమేమున్నాయో తెలుసా? పిల్లల గుంపు చర్చలు, పేరు లేకుండా సమస్య రాసి వేసే పెట్టె, ఒక్కొక్కరితో మాట్లాడటం, ఇంకా గోడపత్రిక! ఈ గోడపత్రిక వంటిదే.

ఫలితాలు 2018లో వచ్చాయి. బయటి యువకులు పనిచేసిన బడుల్లో వాతావరణం బాగుపడింది, కుంగుబాటు, వేధింపు, కొట్లాటలు తగ్గాయి. టీచర్లకు అప్పజెప్పిన బడుల్లో మూడో గుంపుతో పోలిస్తే తేడా కనిపించలేదు. దీన్ని చూసి టీచర్లు చెడ్డవాళ్లు అనుకోరాదు. నాకు అనిపించేది ఏందంటే, సిలబస్, పరీక్షలు, రికార్డులు మోసేవాళ్లకు ఇంకొక పని కలిపితే అది అడుగున పడుతుంది. పైగా మార్కులు వేసే మనిషి ముందర గుండె విప్పటం కష్టం. ఏదైనా, కార్యక్రమం కాగితం మీద ఒకటే అయినా, ఎవరు చేస్తారన్నదాన్ని బట్టి ఫలితం మారిందని తెలుస్తున్నది. పోల్చకపోతే ఇది ఎన్నటికీ తెలిసేది కాదు.

కెన్యా దేశంలో "షమిరి" అనే కార్యక్రమం ఉన్నది. అప్పుడే బడి చదువు ముగించిన యువతీ యువకులు చిన్న గుంపులతో వారానికి ఒక గంట చొప్పున నాలుగు వారాలు మాట్లాడారు. కుంగుబాటు, ఆందోళన గుర్తులున్న 413 మంది విద్యార్థుల మీద పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. సగం మందికి షమిరి, మిగతా సగానికి చదువుకునే మెళకువలు చెప్పారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి! షమిరి గుంపు ఎక్కువ మెరుగయింది. ఇప్పుడు ఆలోచించండి. రెండో గుంపు లేకపోతే వచ్చిన మేలంతా షమిరిదే అనుకునేవాళ్లు. అందులో కొంత కాలం వల్ల, కొంత ఎవరో శ్రద్ధ చూపినందువల్ల వచ్చిందే. మన ఐదో తరగతి చెల్లెళ్ల ఏడుపు ఆగస్టు నాటికి తగ్గితే అది తోడు వల్లనే అని ఎట్లా అంటాం?

అమెరికాలో 18 హైస్కూళ్లలో విద్యార్థి నాయకులకు శిక్షణ ఇచ్చి చూసిన పరీక్ష 2010లో వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు, పెద్ద బడుల్లో, ప్రమాదంలో ఉన్న స్నేహితురాలి గురించి పెద్దలకు చెప్పటం మిగతావాళ్లకంటే నాలుగింతలు ఎక్కువ అయింది. ఇది చాలా విలువైన ఫలితం. కాని అక్కడ కొలిచింది పెద్దలకు చెప్పటాన్ని, పిల్లల అభిప్రాయాలు మారటాన్ని. ప్రాణాలు ఎన్ని నిలిచాయి అన్నది ఆ పరీక్ష కొలవలేదు. దేన్ని కొలిచారో దాని గురించే మాట్లాడాలి.

మన తెలుగు నేల ముచ్చట కూడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్ పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు మొబైల్ సాయంతో ఇంటింటికీ తిరిగి, రందితో ఉన్నవాళ్లను గుర్తించి ఆరోగ్య కేంద్రానికి పంపారు. ఆ బాధ ఉన్నవాళ్లలో వైద్యసాయం తీసుకునేవాళ్లు అంతకు ముందు నూటికి ఒక్కరు కూడా లేరు (0.8 శాతం). తర్వాత 12.6 శాతం అయ్యారు. 2017లో ఇది ప్రచురించారు. అయితే ఇక్కడ ముందు-తర్వాత లెక్కనే ఉన్నది, పక్క చెక్క లేదు. ఆ లోటు వాళ్లకూ తెలుసు. అందుకే తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రాల్లో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో చీటీల పద్ధతిలో మళ్లీ పరీక్షించారు.

లెక్క పెరిగితే చెడ్డదా?

వార్డెన్ మేడం గార్లు ఈ భాగం తప్పక చదవాలని మనవి. 0.8 నుంచి 12.6 అయిందంటే ఆ గ్రామాల్లో బాధ పదిహేనింతలు పెరిగిందని కాదు. దాగి ఉన్న బాధ బయటికి వచ్చిందని అర్థం. మన హాస్టల్‌లో తోడు మొదలైన నెలకే "మేడం, నాకు నిద్ర పడతలేదు", "మేడం, ఫలానా అక్క నన్ను కొడుతున్నది" అని వచ్చేవాళ్లు పెరగవచ్చు. పై ఆఫీసర్లు రిజిస్టర్ చూసి "మీ హాస్టల్‌లోనే ఇన్ని కేసులా?" అని అడగవచ్చు. ఆ భయంతో రిజిస్టర్‌ను తెల్లగా ఉంచితే తోడు చచ్చిపోతుంది. మొదటి నెలల్లో లెక్క పెరగటాన్ని తప్పుగా పట్టవద్దు.

చెడు కూడా జరగవచ్చు

మంచి ఉద్దేశంతో చేసినవన్నీ మంచి చేయవు. బడుల్లో వేధింపును ఆపే కార్యక్రమాల మీద 2011లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, తోటి పిల్లలనే మధ్యవర్తులుగా పెట్టిన చోట వేధింపుకు గురయ్యేవాళ్లు తగ్గకపోగా కొంత పెరిగినట్లు కనిపించింది. అన్ని చోట్లా అట్లా జరుగుతుందని కాదు, జరగవచ్చునని జాగ్రత్త పడాలి. మన దగ్గర జరగగల చెడులు ఇవి:

1. మాట బయటికి పోవటం. హాస్టల్‌లో ఒక రహస్యం రాత్రి భోజనానికి మొదలైతే పొద్దున టిఫిన్‌కు అందరికీ తెలుస్తుంది.

2. పెత్తనం. తోడు అని పేరు పెట్టగానే కొందరు లీడర్ల వలె బట్టలు ఉతికించుకోవటం, నీళ్లు తెప్పించుకోవటం మొదలుపెట్టవచ్చు.

3. మోసేవాళ్లకే బరువు కావటం. తొమ్మిదో తరగతి పిల్లకు కూడా పద్నాలుగేండ్లే. ఆమెకూ ఇల్లు గుర్తొస్తది. రోజూ దుఃఖం వింటే ఆమె నిద్ర పోతది, చదువు పోతది. అందుకే వేములఘాట్ దీక్ష వలె వంతులు ఉండాలి. ఒక వారం ఇద్దరు, మరు వారం ఇంకొక ఇద్దరు. వారం చివర వాళ్ల మాట వినటానికి ఒక మేడం కూర్చోవాలి.

4. పెద్దలు తప్పుకోవటం. "పిల్లలే చూసుకుంటున్నరు కదా" అని కౌన్సెలర్‌ను అడగటం మానితే తోడు మనకు నష్టమే చేస్తుంది. తోడు వాగు మీద వేసిన దుంగ వంటిది. అవతల ఒడ్డు లేకపోతే దుంగ ఎందుకు?

మన హాస్టల్‌లో ఎట్లా పరీక్షిద్దాం?

పెద్ద పెద్ద పరిశోధనలు మనవల్ల కావు. కాని చింతగింజలు, మక్కగింజలు, మట్టి కుండలు ఉంటే చాలు.

మనకు ఆరు డార్మెటరీలున్నాయి. చీటీలు వేసి మూడింటిని తీయాలి. ఆ మూడింటిలో దసరా తర్వాత తోడు మొదలుపెట్టాలి. మిగతా మూడింటిలో సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాలి. ఎవరికీ అన్యాయం లేదు, అందరికీ వస్తుంది. శిక్షణకు ఎట్లాగూ ఒకేసారి అందరూ దొరకరు. అప్పటిదాకా ఆపదలో ఉన్నవాళ్లకు సాయం మాత్రం ఆరు డార్మెటరీల్లోనూ ఒక్కతీరుగానే ఉండాలి.

దసరాకు ముందు ఒకసారి, సంక్రాంతి సెలవులకు ముందు ఒకసారి లెక్క తీయాలి. ప్రతి డార్మెటరీకి మూత ఉన్న కుండలు, అడ్డంగా ఒక చద్దరు. ఒక్కొక్కరే చద్దరు వెనక్కి పోయి ప్రశ్నకు "అవును" అయితే చింతగింజ, "కాదు" అయితే మక్కగింజ వేసి రావాలి. పేరు లేదు, చేతిరాత లేదు. చదవటం సరిగా రాని చెల్లెలు కూడా జవాబు చెప్పవచ్చు. ప్రశ్నలు ముందుగా ఇంటి భాషలో చెప్పించాలి. ప్రశ్నలు ఇవి:

మనసు బాగలేనప్పుడు చెప్పుకునేందుకు ఈ హాస్టల్‌లో నీకు ఒక మనిషి ఉన్నదా?
గడిచిన రెండు వారాల్లో సగం కంటే ఎక్కువ దినాలు దుఃఖంగా ఉన్నావా?
ఈ నెలలో ఎవరైనా నిన్ను కొట్టటం గాని ఏడిపించటం గాని చేశారా?
నీవు చెప్పిన రహస్యం బయటికి పోయిందా?

తోడు అక్కలకు వేరే కుండ: నీ నిద్ర చెడిందా? నీ చదువు వెనకబడిందా? ఈ పని మానేయాలని ఉన్నదా?

లెక్క ఎట్లా చూడాలో ఊహించిన అంకెలతో చెబుతాను. తోడు ఉన్న డార్మెటరీలో "చెప్పుకునే మనిషి ఉన్నది" అన్నవాళ్లు దసరాకు 15, సంక్రాంతికి 25 అనుకుందాం. పది పెరిగింది అని సంబరపడవద్దు. తోడు లేని డార్మెటరీలో కూడా 15 నుంచి 22 అయితే ఏడు దానంతట అదే పెరిగినట్టు. తోడు వల్ల వచ్చింది మూడు అనుకోవాలి. ఆ మూడు కూడా బొమ్మా బొరుసా వేసినట్టు యాదృచ్ఛికంగా రావచ్చు. ఆరు డార్మెటరీలతో గట్టిగా రుజువు చేయలేం. ఇంకొక చిక్కు, మనమందరం ఒకే మెస్‌లో తింటాం. తోడు అక్క మాట గోడ దాటి పక్క డార్మెటరీకి పోతుంది, తేడా తగ్గి కనిపిస్తుంది. అందుకని ఒక్క ఏడాది లెక్కతో "గొప్పది" అని గాని "దండుగ" అని గాని తీర్పు చెప్పవద్దు. రెండేండ్లు చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం రెండేండ్లు ఆగరాదు. రహస్యాలు బయటికి పోతున్నాయని తేలితే, తోడు అక్కల నిద్ర చెడితే, ఏడిపించటం పెరిగితే ఆ డార్మెటరీలో వెంటనే ఆపి సరిచేయాలి.

గింజలు ఎవరు లెక్కపెట్టాలి? తోడు అక్కలు లెక్కపెట్టరాదు. ఈ ఏర్పాటు కోరిన నా వంటివాళ్లు కూడా లెక్కపెట్టరాదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. వేరే సెక్షన్ వాళ్లు ఇద్దరు, లెక్కల టీచర్ ఒకరు కలిసి లెక్కపెట్టి, మంచైనా చెడైనా ఈ గోడపత్రికలోనే రాయాలి.

వార్డెన్ మేడం గార్లకు మనవి

తోడు అక్కలకు శిక్షణ మాటలు తెలిసినవాళ్లతో ఇప్పించండి. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం వాళ్లను పిలిస్తే బాగుంటుంది. దాచరాని మూడు సంగతులు వచ్చినప్పుడు రాత్రి ఎన్ని గంటలకైనా ఏ మేడం తలుపు కొట్టాలో పేరు రాసి డార్మెటరీలో అంటించండి. ఫిర్యాదు ఆ మేడం మీదనే అయితే ఎవరి దగ్గరికి పోవాలో రెండో పేరు కూడా రాయండి. ఆఫీసు ఫోన్ నుంచి రెండు నంబర్లకు అడగకుండానే చేసుకునే అనుమతి ఇవ్వండి. 14416 టెలీ మానస్. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రి పగలు ఉంటది. రెండోది 1098, పిల్లల సహాయానికి.

అక్కలకు, చెల్లెళ్లకు మనవి

తోడుకు పేరు ఇవ్వాలనుకునేవాళ్లు మంచిగ చదివేవాళ్లే కానవసరం లేదు. మాట దాచగలవాళ్లు, వినే ఓపిక ఉన్నవాళ్లు కావాలి. లంబాడీ, గోండి, కోయ, ఎరుకల మాట్లాడేవాళ్లు ప్రతి జట్టులో ఉండేటట్లు చూసుకోవాలి. పై ప్రశ్నలలో ఏదైనా సరిగ్గా లేదనిపిస్తే, ఇంకొకటి చేర్చాలనిపిస్తే చీటీ రాసి ఈ చార్టు కింద కట్టిన అట్టపెట్టెలో వేయండి. పేరు రాయనక్కర లేదు. వచ్చే ఆదివారం స్టడీ అవర్ తర్వాత చీటీలన్నీ చదివి ప్రశ్నలు ఖాయం చేద్దాం. కుండలు తెచ్చే పని ఎనిమిదో తరగతి వాళ్లది. చింతగింజలు మెస్ వెనుక చాలానే ఉన్నాయి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
10వ తరగతి, బి సెక్షన్